ఆగేదానికి కొత్తది

మా మామ ఆదరణ కూడికలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. మాలో అది ఆచారం. మనిషిని సమాధి చేశాక ఒక రోజు చూసి వాకిట్లో షామియానా వేసి, పాటలు పాడి, పోయిన మనిషి గురించి తెలిసినవాళ్ళు లేచి తలా ఒక మంచి మాట చెబుతారు. ఆయన ఆదివారం ఆరాధన ఎన్నడూ మానలేదని ఒకరు, ఎవరితోనూ మాట తూలలేదని ఒకరు, చేతిలో పని ఉన్న మనిషని ఒకరు చెప్పారు. అన్నీ నిజాలే. కాకపోతే ఆ మాటలు ఎవరి షామియానా కింద చెప్పినా సరిపోతాయి. నా వంతు వచ్చింది. మైకు పట్టుకుని నిలబడ్డాను. 'మా మామంత మొండి మనిషిని నేను చూడలేదు' అని నోటిదాకా వచ్చింది. ఎదురుగా మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. మైకు పాస్టరుగారి చేతిలో పెట్టేసి కూర్చున్నాను. కోడలికి దుఃఖంలో మాట రావడం లేదని ఆయనే నా తరఫున చెప్పారు. మాట రాకపోవడమేంటి, నా బొంద! వచ్చిన మాటలు అక్కడ చెప్పేవి కాకపోయాయి, అంతే. అవి ఇక్కడ చెబుతాను.

మాది కొడవలూరు దగ్గర చిన్న ఊరు. హైవేకు పడమటి పక్క. వరి మళ్ళ మీదుగా రాత్రీ పగలూ లారీల మోత వినిపిస్తూనే ఉంటుంది. మామ పని చేసినన్నాళ్ళూ చిల్లకూరు దగ్గర ఆ హైవే మీదే క్రేను తోలాడు. పల్టీ కొట్టిన బళ్ళనూ, గుద్దుకున్న బళ్ళనూ లేపి పక్కకు లాగే పని. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆ పని మానేసి ఇంటికి వచ్చేశాడు. ఆ రోజుల గురించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. అడిగితే, ఏముందమ్మా, ఇనుము లేపినాం ఇనుము దించినాం అనేవాడు. క్రేను పని అంటే నాకూ అంతకంటే ఏమీ తోచలేదు. ఆయన దిగి వచ్చాక మళ్ళీ ఏ స్టీరింగూ పట్టుకోలేదన్న సంగతి మాత్రం అత్త ఒకసారి చెప్పింది. నెల్లూరు పోవాలన్నా బస్సే.

అటువంటి మనిషి, పెన్నకు పెద్ద వరద వచ్చిన ఏడు, కోవూరులో నీళ్ళలో మునిగిన ఒక చిన్న తెల్లకారును కారుచౌకగా కొన్నాడు. తాడు కట్టి ట్రాక్టరుతో లాక్కొచ్చి వాకిట్లో రేకుల కింద నిలబెట్టారు. మాలో కొత్త బండి కొంటే తోలకముందు ప్రార్థన చేయిస్తారు. ఈయన ఆ రోజే పాస్టరుగారిని పిలిపించాడు. ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టబోయి, సీట్ల మీద ఎండిన బురద చూసి, ఇది నడుస్తుందా అన్నా అని అడిగారు. మామ ఏమీ తడుముకోకుండా, నడిచే బండికి పెట్రోలు చాలు గదయ్యా, దీనికే ప్రార్థన కావాల్సింది అన్నాడు. పాస్టరుగారు నవ్వాపుకుంటూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన మాత్రం పొడుగ్గానే చేశారు.

ఆ బండితో నా బతుకు ముడిపడి ఉంది. అందుకే ఇంత చెబుతున్నాను. నేను డిగ్రీలో మైక్రోబయాలజీ చదివాను. హైవే దాటి సముద్రం వైపు పోతే అన్నీ రొయ్యల గుంటలే. ఆ గుంటల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు ఒకటి అక్కడ ఉంది. దాన్ని నడిపే మేడమ్ నన్ను చూసి ఒకటే మాట చెప్పింది. ల్యాబులో కూర్చునేదానికి మనుషులున్నారు, గుంట గుంటకూ పోయి నీళ్ళు పట్టుకొచ్చేదానికి లేరు, సొంత కారుంటే ఆ పని నీదే అంది. ఐసు పెట్టెలు, పెట్టెల నిండా సీసాలు, వాటిని స్కూటీ మీద పెట్టుకుని గతుకుల కట్టల మీద పోలేం. బస్సు ఆ పక్కకే రాదు. మా ఆయన పోర్టులో పని. కంపెనీ బస్సులో పోతాడు, కంపెనీ బస్సులో వస్తాడు, వచ్చి పడుకుంటాడు. నాన్న బండి చేస్తున్నాడు కదా, అది నీకే అన్నాడు. మామ కూడా అదే మాట అన్నాడు, రెడీ కానీమ్మా, నువ్వే తోలుకొని పోదువుగాని అని. నేను నమ్మాను. నెల్లూరులో డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. అది బీరువాలో చీరల కింద పడి ఉండేది.

మామకు ఈ లోకంలో ఒకటే ప్రశ్న. కొత్తదా, పాతదా?

బండిలో ఏ సామాను పాడైనా ముందు నెల్లూరు పోయి కొత్తది ఎంతో అడిగి, చేతిలో తిప్పి తిప్పి చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టించి వచ్చేసేవాడు. మరుసటి రోజు పాత సామాన్ల కొట్టుకు పోయి అక్కడ ఉన్నదాన్ని చూసి వచ్చేవాడు. ఆ తర్వాత అన్నం ముందు కూర్చుని విచారణ. కొత్తది నిగనిగలాడుతుంది గానీ దానికి ఈ బండి గుణం తెలియదట. పాతది ఇట్లాంటి బండిలోనే మసిలింది కాబట్టి దానికి తెలుసట. పాత బండికి ఒక్క కొత్త సామాను బిగిస్తే దాని బలానికి పక్కనున్న పాతవన్నీ కుదేలవుతాయట. ముసలి సంసారంలోకి కొత్త కోడలు వచ్చినట్టేనమ్మా అని చెబుతూ చెబుతూ, తనకు అన్నం వడ్డిస్తున్నది ఎవరో చూసుకుని, నిన్ను కాదులేమ్మా అనేవాడు. అత్త కిసుక్కున నవ్వేది.

ఆఖరుకు ఆయన ఒక సూత్రం పెట్టుకున్నాడు. పోయేదానికి పాతది చాలు, ఆగేదానికి మాత్రం కొత్తదే. అంటే బండి కదలడానికి పనికొచ్చేవి, సెల్ఫు మోటారు, డైనమో, రేడియేటరు లాంటివి, పాతవైనా సరే. నడవకపోతే నడవదు, అంతకుమించి నష్టం లేదు. బ్రేకులు, టైర్లు మాత్రం కొత్తవి. ఈ మాటకు ఏ మెకానిక్కూ వంక పెట్టలేడు. నాకూ వంక కనపడలేదు. చిక్కంతా ఆ పాతవి ఎంచుకోవడంలో ఉంది.

ఒకసారి సెల్ఫు మోటారు కోసం నన్ను కూడా వెంట తీసుకుపోయాడు. కొట్టు నిండా విప్పేసిన కార్ల ముక్కలు. కొట్టు భాయ్ ఒక మోటారు తీసి ముందు పెట్టాడు. మామ దాన్ని ముట్టుకోకుండానే అడిగాడు, ఈ బండి ఎట్టా పోయింది భాయ్ అని. ముసలిదై పోయింది పెద్దాయనా అని భాయ్ చెప్పాడు. ఇంటికాడ పోయిందా, రోడ్డు మీద పోయిందా? ఇంటికాడే, ఓనరు చానాళ్ళు మూలన పడేసి అమ్మేసినాడు. అప్పుడు గానీ చేతిలోకి తీసుకోలేదు. తీసుకుని చొక్కాతో ఒక అంచు తుడిచి, నాలుక ఆనించాడు. నేను మొహం తిప్పుకున్నాను. ఆయన మాత్రం కాసేపు కళ్ళు మూసుకుని, ఇది సముద్రం కాడ తిరిగిన బండి, ఉప్పుగాలి తిన్నది, లోపల తుప్పుంటుంది అని పక్కన పెట్టేశాడు. కూరలో ఉప్పు మరిచిపోయినా మారు మాట్లాడకుండా తినే మనిషి, ఇనుములో ఉప్పు పట్టేవాడు. భాయ్‌కి ఇదంతా అలవాటే. ఉప్పు సరిపోయిందా పెద్దాయనా అని నా వైపు చూసి నవ్వాడు.

తర్వాత ఇంకొకటి తెచ్చాడు. కొత్తదానిలా ఉంది, ఉప్పు లేదు, చేత్తో తిప్పితే సాఫీగా తిరుగుతోంది. మామ మొహం విప్పారింది. ఈ బండి ఎట్టా పోయింది అని అడిగాడు. భాయ్ ఒక్క క్షణం తటపటాయించాడు. మామ మోటారును మెల్లగా బల్ల మీద పెట్టేసి, పద పోదాం అన్నాడు. అంత మంచి సామాను! నాకు ఒళ్ళు మండిపోయింది. బస్టాండులో ఉండబట్టలేక, ఇనుముకేం తెలుస్తుంది మామా అన్నాను. ఇనుముకు తెలీదులేమ్మా అన్నాడు. బస్సులో కూర్చున్నాక కూడా తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

అంతా అయి ఒక పాత సామాను ఇంటికి చేరినా వెంటనే బిగించేవాడు కాదు. గోడవార గోనె మీద పెట్టి, ఒక ఆదివారం దాటనీమ్మా అనేవాడు. ఏ సోమవారమో తెచ్చాడంటే మళ్ళీ సోమవారం దాకా అది అక్కడే ఎండాలి. ఇది బైబిల్లో ఎక్కడుందని అడిగాను. లేదులే, నాకుండాది అన్నాడు. సెల్ఫు ఒక ఆదివారం, డైనమో ఒక ఆదివారం, రేడియేటరు ఒక ఆదివారం. అది బిగించేలోపు ఇంకొకటి పోయేది. నా ఉద్యోగం గోడవార గోనె మీద ఎండుతూ ఉండేది.

ఇంక నా పని చెబుతాను. కారు బ్రేకులు సరిగా పట్టాలంటే ఆ గొట్టాల్లో నూనె తప్ప గాలి ఉండకూడదు. గాలి చేరితే పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. ఆ గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కాలి, ఇంకొకరు కింద పడుకుని చక్రం దగ్గర గాలి పోయే నిపుల్ వదులు చేసి మళ్ళీ బిగించాలి. మామ కింద, నేను పైన. రోజూ సాయంత్రం వంట మొదలుపెట్టేముందు పోయి డ్రైవరు సీట్లో కూర్చునేదాన్ని. తొక్కు, పట్టు, వదులు. తొక్కు, పట్టు, వదులు. చక్రాల కింద ఇటుకలు, ఎదురుగా గోడ, చేతిలో స్టీరింగు. కొడవలూరు మండలంలో నేను కూర్చున్నంతసేపు డ్రైవరు సీట్లో ఇంకే ఆడమనిషీ కూర్చుని ఉండదు, అంగుళం కదలకుండా. లారీల మోత వింటూ గోడ వైపు చూస్తూ తొక్కేదాన్ని. ఒక్కోసారి ఏడుపు వచ్చేది. కింద ఉన్నాయనకు కనపడదు కాబట్టి ఏడ్చేదాన్ని కూడా.

ఒకరోజు బండి దిగి లోపలికి పోతే అత్త బియ్యం ఏరుతూ, కాళ్ళు నొప్పులా అని అడిగింది. ఏదో అన్నాను. ఆమె చేట పక్కన పెట్టి మోకాళ్ళు నిమురుకుంది.

"నేనూ తొక్కినానమ్మా. దీనికి ముందు ఇంకోటుండె. అది రోడ్డెక్కితే నన్ను మా చెల్లెలింటికి తీసకపోతానన్యాడు. అట్టనే తుప్పు పట్టి పాయ, ఇనుముకు అమ్మేసినాం."

ఆమె మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం తెలిసిపోయింది. ఈ ఇంట్లో కారు ఎప్పుడూ ఉంటుంది, ఎక్కడికీ పోదు, కోడళ్ళు అందులో కూర్చుని తొక్కుతూ ముసలివాళ్ళవుతారు. ఆ రాత్రి మా ఆయనతో గొడవ పెట్టుకున్నాను. నాన్న చేస్తా ఉండాడు గదా అని అటు తిరిగి పడుకున్నాడు.

అంతలో ల్యాబు మేడమ్ ఫోను చేసింది. గుంటలన్నీ ఎండగట్టి ఉన్నాయి, మళ్ళీ నీళ్ళు పెట్టి రొయ్యపిల్ల వదిలేలోపు వస్తే సరే, లేకుంటే వ్యాన్ ఉన్న ఇంకొకమ్మాయి అడుగుతోంది అని చెప్పింది. ఆ మాట మామకు చెప్పాను. ఆయన తల ఊపాడు. అప్పటికి బండిలో అన్నీ అయిపోయాయి. ఇంజను పలికింది. మిగిలింది ఒక్కటే, బ్రేకు మాస్టర్ సిలిండరు. పెడలు తొక్కితే నూనెను చక్రాలకు తోసేది అదే. దానికి ఆయన సూత్రం ప్రకారం కొత్తదే కావాలి. ఆ మోడల్ బండ్లు చేయడమే మానేశారు కాబట్టి నెల్లూరులో దొరకలేదు, చెన్నై నుంచి తెప్పించాలి. తెప్పించాడు. పెట్టె విప్పి, గోనె మీద పెట్టి, దాని ముందు కూర్చున్నాడు. కొత్తది కాబట్టి నాలుక ఆనించే పని లేదు, ఎట్టా పోయిందని అడిగే పని లేదు, ఆదివారం దాటే పని లేదు. అయినా సాయంత్రం దాకా కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది కూడా. ఇంక ఎంచుకునేదానికి ఏమీ మిగల్లేదు పాపం అనుకున్నాను.

అది బిగించాడు. గాలి తీశాం. పెడలు గట్టిగా అయింది. మరుసటి సాయంత్రం చూస్తే మళ్ళీ మెత్తన. యాడో గాలి పడతా ఉండాదమ్మా అన్నాడు. మళ్ళీ తీశాం, మళ్ళీ గట్టిపడింది, మళ్ళీ తెల్లవారి సాయంత్రానికి మెత్తన. గుంటల్లో నీళ్ళు పెడుతున్నారని ఊళ్ళో అందరూ చెప్పుకుంటున్నారు. నేను రోజూ తొక్కుతున్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన చర్చి పెద్దల మీటింగుకు పోయాడు. వాకిట్లో బట్టలు ఆరేస్తూ ఊరికే పోయి బండిలో కూర్చున్నాను. బ్రేకు మీద కాలు పెట్టాను. రాయి! ఎంత తొక్కినా దిగలేదు. ముందు రోజు మేము ఎట్లా వదిలామో అట్లాగే ఉంది. ఎగిరి గంతేయాలనిపించింది. కొత్త సామాను కుదురుకుంది, రేపు పొద్దున్నే మేడమ్‌కు ఫోను చేయాలి అనుకున్నాను. అత్తకు చెప్పి, ఆయన రాగానే చెబుదామని కాచుకున్నాను.

సాయంత్రం ఆయన వచ్చాడు. నేను స్టవ్ మీద పాలు దించి బయటికి వచ్చేసరికి చొక్కా విప్పేసి అప్పటికే బండి కింద దూరి ఉన్నాడు. వెనక చక్రం దగ్గర స్పానరు చప్పుడయింది. తొక్కమ్మా అన్నాడు. ఎక్కి కూర్చుని తొక్కాను. కాలు నేల దాకా దిగిపోయింది.

"ఇంకా గాలుండాదమ్మా," అన్నాడు కింద నుంచి.

"మధ్యాహ్నం లేదు మామా," అన్నాను.

కింద చప్పుడు ఆగిపోయింది. తలుపు తీసి ఉంది, వంగి చూస్తే ఆయన పాదాలు మాత్రమే కనిపించాయి. అవి కదల్లేదు. బయటికి వస్తాడేమో, కసురుకుంటాడేమో అని చూశాను. రాలేదు. ఏదైనా అబద్ధమైనా చెబుతాడేమో అని చూశాను. అదీ చెప్పలేదు. ఎంతోసేపటికి, బండి కింద నుంచే మాట్లాడాడు.

"ఒకాడబిడ్డమ్మా. నీ ఈడుదే. కొత్త బండి, సీట్లకు కవర్లు గూడా తియ్యలా. లారీ కిందికి పోయింది. మేము లాగినాం. ఆ బిడ్డ కాలు బ్రేకు మీదనే ఉండాది. నేనే తీసినా. ఆనక ఆ బ్రేకు తొక్కి చూసినా. రాయిలాగుండాది. యాడా తప్పు లేదు."

నేను స్టీరింగు పట్టుకుని గోడ వైపు చూస్తున్నాను.

"ఆ బిడ్డ ఫోను మోగతా ఉండాది, ఇంటికాడ నించి. ఎవురూ ఎత్తరు. నేనే ఎత్తినా."

తర్వాత అడిగాడు.

"పాతదేసిన బండ్లు లేపినా, కొత్తదేసిన బండ్లు లేపినా. ఏది బిగించి పంపమంటావమ్మా నిన్ను? నువ్వే చెప్పు."

అప్పుడు తెలిసింది నాకు, ఆ విచారణలూ, ఆ ఆదివారాలూ, రోజూ ఆయన చేత్తోనే ఎక్కిన ఆ గాలీ ఎందుకో. ఆయన వెతికే సామాను ఏ కొట్లోనూ దొరకదు. జాలి వేసింది. ఎంత జాలి వేసిందో అంత కోపమూ వచ్చింది. ఆయన చూసినవాటికి నేనెందుకు ఇటుకల మీద కూర్చోవాలి? అత్త ఎందుకు కూర్చుంది? ఆయన కొడుకు రోజూ అదే హైవే మీద బస్సులో పోయి రావడం లేదా? ఇవన్నీ అడగాలనుకున్నాను. ఒకటే అన్నాను.

"మీరు పంపొద్దు మామా. నేనే పోతా. బిగించండి."

స్పానరు చప్పుడయింది. తొక్కు అన్నాడు, పట్టు అన్నాడు, వదులు అన్నాడు. పెడలు గట్టిపడింది. ఆయన పాక్కుంటూ బయటికి వచ్చి, నా మొహం చూడకుండా తాళం బానెట్ మీద పెట్టి, చేతులు కడుక్కునేదానికి పెరట్లోకి పోయాడు. మరుసటి పొద్దున నిద్ర లేచేసరికి ఇటుకలు తీసేసి ఉన్నాయి.

బయలుదేరాను. ఊళ్ళో బాగానే తోలాను. హైవే దాకా వచ్చాను. దాటితే తూర్పు రోడ్డు, ఆ రోడ్డెంబడి పోతే గుంటలు. లారీ వెనక లారీ. ఒక సందు దొరికింది. కాలు లేవలేదు. ఇంకో సందు. లేవలేదు. బ్రేకు మీద ఉన్న నా కాలు వైపు చూశాను, అది నాది కాదనిపించింది. ఆ బిడ్డ కాలు నేను చూడలేదు, ఆయన చూశాడు. ఒక్క సాయంత్రంలో దాన్ని నాకు అంటగట్టేశాడు. వెనక ఆటోవాడు హారను కొట్టి కొట్టి, పక్క నుంచి పోతూ అక్కా ఏంది కత అని అరిచాడు. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. ఏం చేస్తాం! బండి తిప్పుకుని ఇంటికి వచ్చేశాను.

మామ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను పోయినప్పటి నుంచి అక్కడే ఉన్నట్టుంది. బండి మలుపు తిరగ్గానే ఆయన మొహం చూశాను. ఆయన నవ్వుతున్నాడు. దాచుకుందామన్నా దాగని సంతోషం. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి పట్టుకుని, వచ్చినావా తల్లీ, వచ్చేసినావా, అన్నాడు. ఏ యుద్ధంలో నుంచో తిరిగి వచ్చినట్టు. ఆయన వెనక రేకుల కింద ఇటుకలు మళ్ళీ నాలుగు చోట్లా పేర్చి సిద్ధంగా ఉన్నాయి.

ఆ ఇటుకలు చూడగానే నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. గేటు దాకా వచ్చిన బండిని వెనక్కి తీసి, అక్కడికక్కడే తిప్పి, మళ్ళీ పోయాను. అమ్మాయ్, అమ్మాయ్ అని ఆయన పిలవడం వినిపించింది. హైవే దగ్గర ఆగాను, చూశాను, దాటాను. ఎట్లా దాటానో అడిగితే చెప్పలేను. కోపంతో దాటాను. ల్యాబు ముందు బండి ఆపి, తాళం తీసుకుని లోపలికి పోయాను. ఆ పని నాకే ఇచ్చారు. ఇప్పటికీ అదే చేస్తున్నాను.

ఆ రోజు నుంచి మామ బండి ముట్టుకోలేదు. ఏదైనా పాడైతే నెల్లూరులో మెకానిక్కు దగ్గరకు పోయేదాన్ని. కొత్తదా పాతదా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. సాయంత్రం నేను వచ్చే వేళకు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, సెల్‌ఫోను చొక్కా జేబులో పెట్టుకుని కూర్చునేవాడు. నేను రాగానే గేటు తీసి, ఫోను తీసుకుపోయి లోపల అల్మారాలో పెట్టేసేవాడు. మిగతావేళల్లో అది మోగినా పట్టించుకునే మనిషి కాదు. అత్తను ఆ ఫోను తాకనిచ్చేవాడు కాదు. అదొక పిచ్చి అని అత్త విసుక్కునేది.

నా బండిలో ఆయన ఒక్కసారి కూడా ఎక్కలేదు. చర్చికి అత్తను ఎక్కించుకుని పోతుంటే ఆయన వెనకాల నడిచి వచ్చేవాడు. ఆఖరు రోజుల్లో ఆయాసం ఎక్కువై నెల్లూరు ఆసుపత్రికి పోవాల్సి వచ్చినప్పుడు కూడా ఆటో పిలవమన్నాడు. ఎదురుగా బండి పెట్టుకుని ఆటో ఏంటని నేను గట్టిగానే అరిచాను. నా తోలుడు మీద ఇంకా నమ్మకం లేదా అన్నాను.

"ఇద్దరం ఒకే బండిలో పోతే, రాకూడని ఫోనొస్తే ఎత్తేదెవురమ్మా?" అన్నాడు.

"అత్త ఉంది కదా మామా."

"దానికొద్దు," అన్నాడు. ఊపిరి అందక ఆగి, మళ్ళీ అన్నాడు. "దానికా ఫోనొద్దు."

ఆటో పిలిచాను. ఆయన అందులో పోతుంటే నేను వెనక కారులో పోయాను. ఆసుపత్రి నుంచి కూడా అట్లాగే వచ్చాం.

ఆయన పోయింది మధ్యాహ్నం పూట. నేను అప్పుడు గుంట కట్ట మీద ఉన్నాను, చేతిలో సీసా ఉంది. ఫోను మోగింది. చూస్తే మామ పేరు పడింది. ఆయన ఎన్నడూ నాకు ఫోను చేయలేదు, నాకు చేయాలంటే ఆయనకు భయం. అది మోగుతూ ఉంది. గుంట కాపలాదారు, ఎత్తమ్మా అన్నాడు. ఎత్తాను. అవతల అత్త గొంతు.